పరసంస్కృతిని రాయడం ఎలా? - లీలా అబూ లుఘోద్ పరిశోధన మార్గం: పరిశీలన

వ్యాససంగ్రహం:

అరబ్బు సమాజాలను నాలుగు దశాబ్దాలకు పైగా అధ్యయనం చేస్తున్న మానవశాస్త్రవేత్త లీలా అబూ లుఘోద్. ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని బెడూయిన్ స్త్రీల గేయాలతో మొదలైన ఆమె పరిశోధన, సంస్కృతి అనే భావననే ప్రశ్నించే స్థాయికి చేరింది. ఒక సంస్కృతి గురించి మరొక సంస్కృతికి చెప్పేటప్పుడు పరిశోధకుడు ఏం చేస్తున్నాడు, ఏం చేయకూడదు అన్నది ఆమె కృషికి కేంద్రం. ఆమె ప్రధాన రచనలను కాలక్రమంలో పరిచయం చేసి, ఆమె పద్ధతిని వివరించి, తెలుగు జానపద, గిరిజన సాహిత్య పరిశోధనకు అది ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అరబ్బు సమాజం, బెడూయిన్లు, ఘిన్నావా, స్త్రీల గేయాలు, సంస్కృత్యంతర సంవాదం, క్షేత్రపరిశోధన, స్త్రీవాదం.

1. ఉపోద్ఘాతం:

అరబ్బీ భాష తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. జవాబు, తారీఖు, వకీలు, హక్కు, కబురు వంటి మాటలు పారశీక, ఉర్దూ భాషల మీదుగా మనకు చేరిన అరబ్బీ పదాలే. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాదులోని బార్కస్‌లో నేటికీ ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి ప్రాంతాల నుంచి కువైట్, సౌదీ, దుబాయిలకు వెళ్ళి పనిచేసి వచ్చినవారు లేని ఊళ్ళు తక్కువ. ఇంత సంబంధం ఉన్నా, అరబ్బు సమాజాల గురించి మన తరగతి గదుల్లో వినిపించే మాటలు చాలావరకు రెండు మూడు వాక్యాల్లో ముగుస్తాయి. ఆ వాక్యాలు ఎడారితో మొదలై బురఖాతో ఆగిపోతాయి.

ఒక సమాజం మొత్తాన్ని ఇలా రెండు వాక్యాల్లోకి కుదించే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? శాస్త్రీయ పరిశోధన ఆ అలవాటును తగ్గిస్తుందా, పెంచుతుందా? లీలా అబూ లుఘోద్ జీవితకాల కృషి ఈ ప్రశ్నల చుట్టూ సాగింది. అందువల్ల అరబ్బు సమాజాలపై ఆసక్తి ఉన్నవారికే గాక, ఏ జనసమూహం గురించి రాసే పరిశోధకులకైనా ఆమె రచనలు ఉపయోగపడతాయి.

2. పూర్వరంగం - రెండు ధోరణులు:

సంస్కృత్యంతర సంవాదం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకోవడానికి ఎడ్వర్డ్ టి. హాల్ కృషి పునాది వేసింది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థలో దౌత్య ఉద్యోగులకు పాఠాలు చెప్పిన అనుభవంతో ఆయన 1959లో 'ది సైలెంట్ లాంగ్వేజ్', 1966లో 'ది హిడెన్ డైమెన్షన్' ప్రచురించారు. మాట్లాడేటప్పుడు ఇద్దరి మధ్య ఎంత దూరం ఉండాలి, ఏకాంతం అంటే ఏమిటి వంటి విషయాల్లో అరబ్బులకు, అమెరికన్లకు గల తేడాలను రెండవ గ్రంథంలో చర్చించారు. మాటలకు అందని సంకేతాలు కూడా భాషే అని చూపడం హాల్ గొప్పతనం. అయితే శిక్షణ అవసరాల కోసం పుట్టిన పద్ధతి కనుక "అరబ్బులు ఇలా ఉంటారు" అనే వాక్యం అందులో తప్పనిసరి అయింది. ఏ అరబ్బులు, ఎప్పుడు, ఎవరి ఎదుట అనే ప్రశ్నలు వెనక్కి వెళ్ళాయి.

రెండవ ధోరణి ఎడ్వర్డ్ సయీద్‌ది. 1978లో వచ్చిన 'ఓరియంటలిజం' గ్రంథంలో, ప్రాచ్యదేశాల గురించి పాశ్చాత్యులు ఉత్పత్తి చేసిన జ్ఞానానికి అధికారంతో గల సంబంధాన్ని ఆయన బయటపెట్టారు. ఆ గ్రంథాన్ని ఆయన జానెట్, ఇబ్రహీం అనే దంపతులకు అంకితమిచ్చారు. వారి కుమార్తే లీలా అబూ లుఘోద్. సయీద్ గ్రంథం వెలువడిన సంవత్సరమే ఆమె ఈజిప్టు ఎడారిలో క్షేత్రపరిశోధనకు అడుగుపెట్టారు. పరసంస్కృతి గురించి రాయడమే అనుమానాస్పదమైన కాలంలో, ఆ పని ఎలా చేయాలో వెతుక్కోవలసిన తరం ఆమెది.

3. నేపథ్యం - క్షేత్రప్రవేశం:

లీలా అబూ లుఘోద్ 1952లో జన్మించారు. తండ్రి ఇబ్రహీం అబూ లుఘోద్ పాలస్తీనాలోని జాఫా నగరానికి చెందినవారు. 1948లో ఆ నగరాన్ని విడిచివెళ్ళవలసి వచ్చి, తరువాత అమెరికాలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా స్థిరపడ్డారు. తల్లి జానెట్ అబూ లుఘోద్ అమెరికన్. కైరో నగర చరిత్రపై, ఐరోపా ఆధిపత్యానికి ముందరి ప్రపంచ వాణిజ్యంపై ప్రామాణిక గ్రంథాలు రాసిన సామాజిక శాస్త్రవేత్త. లీలా 1984లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. విలియమ్స్ కళాశాల, ప్రిన్స్‌టన్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల్లో బోధించిన తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

1978 అక్టోబరు నుంచి 1980 మే వరకు ఆమె ఔలాద్ అలీ అనే బెడూయిన్ తెగవారి మధ్య, ఒక కుటుంబంలో సభ్యురాలిగా నివసించారు. ('ఔలాద్' అంటే సంతానం. ఉర్దూ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ మాట పరిచితమే.) ఆమె క్షేత్రప్రవేశంలో ఒక ముఖ్యమైన ఘట్టం ఉంది. మొదటిసారి వెళ్ళేటప్పుడు తండ్రి ఆమె వెంట వచ్చారు. స్వతంత్ర పరిశోధకురాలినని భావించుకున్న ఆమెకు అది మొదట ఇబ్బందిగా తోచింది. కొంతకాలానికి గానీ ఆయన ఎందుకు వచ్చారో ఆమెకు అర్థం కాలేదు. పెళ్ళికాని యువతి ఒంటరిగా దూరప్రాంతానికి వస్తే, ఆమెకు వెనుక ఎవరూ లేరనో, ఇంటివారు ఆమెను వదిలేశారనో ఆ సమాజం అనుకుంటుంది. తండ్రి వచ్చి ఇంటిపెద్దకు అప్పగించడంతో ఆమె మంచి కుటుంబపు బిడ్డగా, ఆ ఇంటి కూతురితో సమానంగా స్వీకారం పొందారు.

ఈ ఘట్టాన్ని ఆమె తన గ్రంథం ఆరంభంలోనే చర్చించారు. కూతురి స్థానం దొరికినందువల్ల స్త్రీల లోకం ఆమెకు తెరుచుకుంది. అదే కారణంగా పురుషుల లోకం చాలావరకు మూసుకుపోయింది. పరిశోధకుడు నిలబడిన చోటును బట్టి అతనికి కనబడేది మారుతుందనే ఎరుక ఆమె పద్ధతికి మొదటి మెట్టు.

4. ఔలాద్ అలీ సమాజంలో 'అసలు', 'హషమ్':

ఈ క్షేత్రపరిశోధన ఫలితం 1986లో వెలువడిన 'వీల్డ్ సెంటిమెంట్స్'. తెరచాటు భావాలు అని దీన్ని తెలుగులో చెప్పవచ్చు. ఔలాద్ అలీ సమాజపు విలువలను వివరించడానికి ఆమె ఎంచుకున్న కీలకపదాల్లో మొదటిది 'అస్ల్'. మూలం, వంశం, ఆ వంశం వల్ల సంక్రమించే నైతికమైన గొప్పతనం అని ఆ మాటకు వారి అర్థం. తెలుగులోని 'అసలు' ఈ అరబ్బీ మాటే. మన వాడుకలో అది వడ్డీకి ఎదురుగా నిలిచే మూలధనాన్నీ, నకిలీకి ఎదురుగా నిలిచే నిజాన్నీ సూచిస్తుంది. మాట ఒకటే అయినా, ఎడారిలో అది మనిషి విలువకు కొలమానం కాగా మన దగ్గర లావాదేవీల్లో ఇమిడిపోయింది. పదం ప్రయాణించినంత తేలికగా భావం ప్రయాణించదనడానికి ఇది మనకు చేరువలో ఉన్న ఉదాహరణ.

రెండవది 'హషమ్'. సిగ్గు, అణకువ, పెద్దల ఎదుట ఒదిగి ఉండడం అన్నీ కలిసిన భావం ఇది. ముసుగును ఆమె ఈ భావంతో కలిపి వివరించారు. ఔలాద్ అలీ వివాహిత స్త్రీ తలకు కట్టుకున్న నల్లని వస్త్రాన్నే అవసరమైనప్పుడు ముఖం మీదికి లాక్కుంటుంది. అయితే అందరు మగవారి ఎదుటా లాక్కోదు. తనకన్నా పెద్దవారు, గౌరవించదగినవారు అనుకున్న పురుషుల ఎదుట మాత్రమే లాక్కుంటుంది. చిన్నవారి ఎదుట ఆ అవసరం లేదు. అంటే ముసుగు ఆ సమాజంలో ఎవరిని గౌరవిస్తున్నారో తెలిపే భాషగా పనిచేస్తుంది. స్వాతంత్ర్యాన్ని అత్యున్నత విలువగా భావించే సమాజంలో ఇతరులపై ఆధారపడినవారికి గౌరవం ఎలా దక్కుతుంది అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన సమాధానం ఇక్కడే ఉంది. బలవంతం వల్ల గాక తమంతట తాము ఒదిగినప్పుడు ఆ ఒదుగు కూడా గౌరవం అవుతుంది.

ఇది ఆ వ్యవస్థకు సమర్థన కాదు. అధికారం కేవలం భయం మీద నిలబడదని, ఆత్మగౌరవ భావనల్లో కలిసిపోయి నిలబడుతుందని చూపే విశ్లేషణ.

5. ఘిన్నావా - రెండు పంక్తుల్లో మరో లోకం:

కవిత్వం మీద పరిశోధన చేయాలని ఆమె ఎడారికి వెళ్ళలేదు. స్త్రీల మాటల మధ్య హఠాత్తుగా దొర్లే చిన్న గేయాలు ఆమెను ఆకర్షించాయి. వీటిని 'ఘిన్నావా' అంటారు, చిన్నపాట అని అర్థం. ఒక్కో గేయం ఇంచుమించు పదిహేను అక్షరాల నిడివి కలది. రూపంలో జపాను హైకూను, భావోద్వేగంలో అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలను తలపిస్తుందని ఆమె పోల్చారు.

ఈ గేయాలకూ నిత్యసంభాషణకూ మధ్య గల వైరుధ్యమే గ్రంథానికి ప్రధాన విషయం. విడాకులు పొందిన స్త్రీ మామూలు మాటల్లో ఆ విషయం తనకు లెక్కేలేదన్నట్లు మాట్లాడుతుంది. భార్య విడిచివెళ్ళిన పురుషుడు కోపాన్నో తిరస్కారాన్నో ప్రకటిస్తాడు. అదే మనుషులు ఆత్మీయుల మధ్య చిన్నపాటలో దుఃఖాన్ని, ప్రేమను, ఓటమిని చెప్పుకుంటారు. మామూలు మాటల్లో చెబితే పరువు తక్కువయ్యే భావాలు పాటలో చెబితే మెచ్చుకోలు పొందుతాయి.

ఇక్కడ తొందరపడే పరిశోధకుడు "మాటలు నటన, పాటలే నిజం" అని తీర్మానిస్తాడు. అబూ లుఘోద్ ఆ దారిన వెళ్ళలేదు. పరువు గురించిన మాటలు ఎంత సంప్రదాయబద్ధమో, పాటలు కూడా అంతే సంప్రదాయబద్ధం. పదాలు, ఉపమానాలు, సూత్రబద్ధమైన పలుకుబడులు అందరికీ ఉమ్మడివి. కాబట్టి రెండూ ఆ సంస్కృతి ఇచ్చిన భాషణ పద్ధతులే, రెండూ నిజమైనవే. ఒకే మనిషిలో రెండు స్వరాలు ఉండడానికి ఆ సమాజం చోటిచ్చింది. "అరబ్బులు పరువు కోసం ప్రాణమిస్తారు" వంటి ఏకవాక్య నిర్వచనాన్ని ఈ నిర్ధారణ వాదనతో పనిలేకుండానే పడగొడుతుంది.

6. ప్రతిఘటనపై పునరాలోచన:

'వీల్డ్ సెంటిమెంట్స్' తరువాత ఆమె తన నిర్ధారణలను తానే పరీక్షించుకున్నారు. 1990లో ప్రచురించిన 'ది రొమాన్స్ ఆఫ్ రెసిస్టెన్స్' వ్యాసం అందుకు నిదర్శనం. అణచివేతకు గురైనవారి ప్రతి చిన్న ధిక్కారాన్నీ వెతికి పట్టుకుని వేడుక చేసుకోవడం ఆనాటి పరిశోధనల్లో అలవాటైంది. ఈ ధోరణిలో ఒక ప్రమాదం ఉందని ఆమె హెచ్చరించారు. ప్రతిఘటన ఎక్కడ ఉందో చూసి మురిసిపోయే బదులు, అది ఏ రకమైన అధికారానికి ఎదురు నిలుస్తున్నదో గమనించాలి. అప్పుడు ప్రతిఘటన అధికారపు ఉనికిని తెలిపే సూచిక అవుతుంది.

ఆమె ఇచ్చిన ఉదాహరణ యువతులది. కొత్త తరం అమ్మాయిలు సౌందర్య సాధనాలు, ఆధునిక లోదుస్తులు కొనుక్కుని పెద్దల ఆజ్ఞను ధిక్కరిస్తారు. కానీ ఆ ధిక్కారంతోనే వారు పట్టణ మార్కెట్టుకు, భర్త సంపాదన మీద ఆధారపడే కొత్త కుటుంబ పద్ధతికి లోబడతారు. చిన్నపాటల విషయంలోనూ ఇదే జరిగింది. క్యాసెట్లు వచ్చాక యువకుల పాటలు పెద్దల పెత్తనాన్ని ప్రశ్నిస్తూ ఊరూరా తిరిగాయి. బహిరంగంగా గొంతు వినిపించడం అణకువకు విరుద్ధం కనుక స్త్రీలు ఆ కొత్త మాధ్యమంలోకి ప్రవేశించలేకపోయారు. ఒక బంధం వదులయ్యేటప్పుడు మరొకటి బిగుసుకుంటుందన్న గమనిక ఆమె తదుపరి రచనలన్నిటా కనిపిస్తుంది.

7. సంస్కృతి అనే భావనపై విమర్శ:

1991లో వచ్చిన 'రైటింగ్ అగెయిన్‌స్ట్ కల్చర్' ఆమె సైద్ధాంతిక రచనల్లో ఎక్కువగా చర్చకు వచ్చినది. అంతకు ముందు 1986లో జేమ్స్ క్లిఫర్డ్, జార్జ్ మార్కస్‌ల సంపాదకత్వంలో వచ్చిన 'రైటింగ్ కల్చర్' మానవశాస్త్ర రచనారీతిని ప్రశ్నించింది. అయితే ఆ సంకలనం స్త్రీవాదులనూ, రెండు సంస్కృతుల మధ్య పుట్టిపెరిగిన పరిశోధకులనూ పట్టించుకోలేదని అబూ లుఘోద్ ఆక్షేపణ. అటువంటి పరిశోధకులను సూచించడానికి కిరిన్ నారాయణ్ వాడిన 'హాఫీ' అనే మాటను ఆమె స్వీకరించారు. సగం ఇక్కడివారు, సగం అక్కడివారు అని దాని భావం. తాను రాసేది ఎవరి గురించో వారు కూడా చదువుతారన్న ఎరుక ఇటువంటి పరిశోధకులకు తప్పదు.

ఆమె వాదన ఇది: 'సంస్కృతి' అనే భావన మనుషుల మధ్య తేడాలను వివరించడానికి పుట్టినా, క్రమంగా ఆ తేడాలను గట్టిపరిచి 'వారు' అనే వర్గాన్ని తయారుచేస్తున్నది. పూర్వం 'జాతి' చేసిన పనినే ఇది మరింత మర్యాదగా చేస్తున్నది. దీనికి ప్రత్యామ్నాయంగా మూడు మార్గాలు సూచించారు.

అ) సంస్కృతి అనే స్థిరమైన మొత్తానికి బదులు మనుషుల భాషణను, ఆచరణను విశ్లేషించడం.
ఆ) పరిశోధకుడి లోకానికి, పరిశోధిత లోకానికి మధ్య ఉన్న చారిత్రక, ఆర్థిక సంబంధాలను గుర్తించడం.
ఇ) నిర్దిష్ట వ్యక్తుల, నిర్దిష్ట సందర్భాల కథనాలు రాయడం.

మూడవ మార్గానికి ఆచరణరూపం 1993లో వెలువడిన 'రైటింగ్ విమెన్స్ వరల్డ్స్'. ఇందులో అధ్యాయాల శీర్షికలు పితృవంశీయత, బహుభార్యాత్వం, సంతానం, పినతండ్రి బిడ్డల మధ్య వివాహం, పరువు-సిగ్గు వంటి మానవశాస్త్రపు పాత విభాగాలే. లోపల మాత్రం నిర్వచనాలుండవు, ఒకే కుటుంబంలోని స్త్రీలు చెప్పుకున్న కథలుంటాయి. 'బహుభార్యాత్వం' చదవబోయిన పాఠకుడికి ఒక ఇంట్లోని సవతుల మధ్య స్నేహం, అసూయ, హాస్యం, సర్దుబాటు ఎదురవుతాయి. అధ్యాయం ముగిసేసరికి శీర్షికలోని మాట చాలదనిపిస్తుంది.

8. టెలివిజన్ నుంచి 'రక్షణ' వాదం దాకా:

తరువాతి దశలో ఆమె ఎగువ ఈజిప్టులోని ఒక గ్రామంలో, కైరోలో టెలివిజన్ ధారావాహికలపై పరిశోధించారు. 2005లో వచ్చిన 'డ్రామాస్ ఆఫ్ నేషన్‌హుడ్' దాని ఫలితం. నగరంలోని విద్యావంతులైన రచయితలు గ్రామీణులను సంస్కరించే ఉద్దేశంతో ధారావాహికలు తీస్తారు. గ్రామీణులు వాటిని ఇష్టంగా చూస్తారు, కానీ తమ అనుభవానికి అందని సందేశాన్ని పక్కన పెడతారు. మారుమూల అనుకున్న గ్రామం ప్రపంచంతో ఎన్ని దారుల్లో ముడిపడి ఉందో ఈ గ్రంథం చూపిస్తుంది.

2001 సెప్టెంబరు 11 తరువాత పరిస్థితి మారింది. అదే సంవత్సరం నవంబరు 17న అమెరికా అధ్యక్షుని సతీమణి లారా బుష్ రేడియో ప్రసంగం చేస్తూ ఆఫ్ఘనిస్థాన్ యుద్ధాన్ని అక్కడి స్త్రీల విముక్తితో ముడిపెట్టారు. అబూ లుఘోద్ 2002లో ఒక వ్యాసంగా, 2013లో గ్రంథంగా దీనికి స్పందించారు. ముస్లిం స్త్రీలను రక్షించవలసి ఉందా అన్నదే శీర్షికలోని ప్రశ్న.

యుద్ధాలు, పేదరికం, రాజకీయ చరిత్ర వల్ల కలిగిన బాధలన్నిటికీ 'వారి సంస్కృతి'ని కారణంగా చూపడం తప్పు అన్నది ఆమె మొదటి అంశం. రక్షణ పేరిట వలసపాలన సాగిన తీరు రెండవది. ఈజిప్టులో ముసుగును నిరసించిన లార్డ్ క్రోమర్ ఇంగ్లండులో స్త్రీల ఓటుహక్కును వ్యతిరేకించిన ఉద్యమానికి నాయకుడు. సతీసహగమన చర్చపై గాయత్రీ చక్రవర్తి స్పివాక్ చేసిన విశ్లేషణను కూడా ఆమె ఈ సందర్భంలో స్మరించారు.

ఆ గ్రంథంలో ఒక గ్రామీణ స్త్రీతో జరిగిన సంభాషణ ఉంది. ముస్లిం స్త్రీలు అణచివేతకు గురవుతున్నారని పాశ్చాత్యులు నమ్ముతారని రచయిత్రి చెప్పగా, చాలామంది స్త్రీలకు హక్కులు దక్కని మాట నిజమేనని ఆమె ఒప్పుకుంది. దానికి మతం కారణమా అని అడిగితే ఆశ్చర్యపోయి, ప్రభుత్వమే కారణమంది. అణచివేత ఉందా లేదా అన్నదానిపై ఇద్దరికీ పేచీ లేదు. కారణం ఎవరు చెప్పాలి అన్నదే ప్రశ్న.

9. విమర్శలు:

ఆమె వాదనకు ఎదురు వాదనలూ ఉన్నాయి. 1999లో క్రిస్టాఫ్ బ్రూమన్ 'రైటింగ్ ఫర్ కల్చర్' అనే వ్యాసంలో సంస్కృతి భావనను దుర్వినియోగం చేసినంత మాత్రాన దాన్ని వదులుకోనవసరం లేదని వాదించారు. సరిహద్దులు కచ్చితంగా లేకపోయినా, పలువురు పంచుకునే అలవాట్లకు ఒక పేరు ఉండాలన్నది ఆయన అభిప్రాయం. ఈ ఆక్షేపణలో బలం ఉంది. ఘిన్నావా సంప్రదాయబద్ధమని చెప్పాలన్నా ఉమ్మడి సంప్రదాయం ఒకటి ఉందని ఒప్పుకోక తప్పదు. కనుక ఆమె విమర్శను సంస్కృతి అనే మాటపై నిషేధంగా గాక, దాన్ని వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తగా తీసుకోవడం సమంజసం.

10. తెలుగు పరిశోధనకు వర్తింపు:

తెలుగులో బిరుదురాజు రామరాజు వంటి పండితుల కృషితో జానపద గేయసాహిత్య పరిశోధనకు బలమైన పునాది ఏర్పడింది. స్త్రీల రామాయణపు పాటలపై వెల్చేరు నారాయణరావు ఆంగ్లంలో రాసి 1991లో ప్రచురించిన వ్యాసం, అబూ లుఘోద్ కృషితో పోల్చదగినది. స్త్రీలు తమలో తాము పాడుకునే పాటల్లో రాముని కథ సీత, ఊర్మిళ, శాంత, శూర్పణఖల వైపు నుంచి ఎలా మలుపు తిరుగుతుందో ఆయన వివరించారు. ఆ పాటలు పాడే స్త్రీలు బయట సంప్రదాయాన్ని ధిక్కరించేవారు కారు. బయటి మాట, లోపలి పాట అనే రెండు స్వరాలు ఇక్కడా ఉన్నాయి.

అయితే మన సిద్ధాంతవ్యాసాల్లో అత్యధికభాగం మరో నమూనాలో నడుస్తున్నాయి. ఒక తెగను ఎంచుకుని పుట్టుక, పెండ్లి, చావు, దేవతలు, పండుగలు అని అధ్యాయాలు విభజిస్తాం. "వీరు ఇలా చేస్తారు" అని కాలం లేని వర్తమానంలో రాస్తాం. పాడినవారి పేరు, వయసు అనుబంధంలో ఒక పట్టికగా మిగులుతాయి. ఈ వ్యాసకర్త సిద్ధాంతవ్యాసంలోనూ ఇదే జరిగింది. ఒక వృద్ధురాలు పాడిన పాటను 'శోకగేయాలు' అనే విభాగంలో మూడవ ఉదాహరణగా చేర్చడం జరిగింది. ఆమె ఆ పాట ఎవరిని తలచుకుని పాడింది, ఇంట్లోకి కొడుకు రాగానే ఎందుకు ఆపేసింది అన్న విషయాలు క్షేత్రపర్యటన పుస్తకంలోనే ఉండిపోయాయి. వర్గీకరణకు అవి అడ్డమనిపించాయి. అబూ లుఘోద్‌ను చదివిన తరువాత ఆ ఆపివేతే అసలు విషయమని అర్థమైంది. అప్పటికి ఆ వృద్ధురాలిని అడిగే అవకాశం లేదు.

వర్గీకరణ అవసరమే. కానీ దాని తరువాత అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ పాట ఎవరి ఎదుట పాడతారు, ఎవరి ఎదుట పాడరు? పాడిన మనిషి మామూలు మాటల్లో అదే విషయాన్ని ఎలా చెబుతుంది? ఆ ఊరికి పరిశోధకుడు ఎవరి బంధువుగా, ఏ కులస్థుడిగా, ఏ హోదాలో వెళ్ళాడు? రాసినదాన్ని ఆ ఊరివారు చదివితే ఏమంటారు? చివరి ప్రశ్న నేడు ఊహకు సంబంధించినది కాదు. గిరిజన సమాజాల నుంచి పరిశోధక విద్యార్థులు విశ్వవిద్యాలయాలకు వస్తున్నారు. తమ అమ్మమ్మల గురించి మనం రాసిన వాక్యాలను వారు చదువుతున్నారు.

11. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. పరిశోధకుడు ఏ సంబంధంతో సమాజంలో ప్రవేశించాడన్నది అతనికి లభించే జ్ఞానాన్ని నిర్ణయిస్తుంది. దాన్ని దాచకుండా చెప్పడం పరిశోధనలో భాగం.
2. ఒకే సమాజంలో, ఒకే వ్యక్తిలో పరస్పర విరుద్ధమైన భాషణ పద్ధతులు ఉంటాయి. ఒకటి నిజం, మరొకటి నటన అని విడదీయడం సరికాదు.
3. ప్రతిఘటనను కీర్తించడం కన్నా, అది ఏ అధికారాన్ని సూచిస్తున్నదో గుర్తించడం ప్రయోజనకరం.
4. సాధారణీకరణం ఎంత శాస్త్రీయంగా కనిపించినా మనుషుల మధ్య దూరాన్ని పెంచగలదు. నిర్దిష్ట వ్యక్తుల కథనం దానికి విరుగుడు.
5. ఇతర సమాజాల స్త్రీల బాధలకు కారణాలు నిర్ణయించే ముందు, ఆ కారణాలను వారు ఎలా చెబుతున్నారో వినాలి.

అరబ్బు సమాజాల గురించి తెలుగులో ఇంకా రాయవలసినది చాలా ఉంది. గల్ఫ్ దేశాల్లో ఏళ్ళ తరబడి ఇళ్ళలో, దుకాణాల్లో, నిర్మాణ స్థలాల్లో పనిచేసి వచ్చిన తెలుగువారి జ్ఞాపకాలు అందుకు గొప్ప ఆధారం. అక్కడి మనుషులతో వారికి కుదిరిన మాటలు, కుదరని మాటలు రెండూ నమోదు కావలసి ఉంది. ఆ పనికి పూనుకునే పరిశోధకులు ప్రశ్నావళితో బయలుదేరే ముందు లీలా అబూ లుఘోద్ రచనలను చదవడం మేలు.